ఇంటికొకటే మంట

గోగుపాలెం అగ్నిమాపక కేంద్రాధికారి లోకనాథం తన ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా చక్కగా చేసిన పని వల్లనే ఊరందరికీ శత్రువయ్యాడు. గోనెమిల్లు వెనుక వీధిలో సింహాలమ్మ తాటాకు ఇల్లు అంటుకుందని తెలియగానే, అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే బండెక్కాడు. మంట వెనుకగది దాటి ముందుగదిలోకి రాకముందే ఆర్పేశాడు. గోడలు నిలిచాయి. కప్పు సగం నిలిచింది. గొట్టం చుట్టుకుంటూ, ఇలాంటప్పుడు ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చే మజ్జిగ కోసం ఆయన కొంచెం ఎదురుచూశాడు కూడా.

మజ్జిగ రాలేదు. వీధి మొత్తం శవం లేవని ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడి ఉంది. సింహాలమ్మ వేపచెట్టు కింద కూర్చుని ఏడుస్తోంది. ఆమె పక్కన మంచం, గిన్నెలు, బియ్యం డబ్బా, దేవుడి పటాలు, కోళ్ల గంప ఎంతో పొందికగా సర్ది ఉన్నాయి. చెట్టు మొదలుకు ఆ ఇంటి గడప ఆనించి ఉంది. పసుపు రాసి, బొట్లు పెట్టిన గడప. ప్రాణభయంలోనూ గడపను ఊడదీసి తెచ్చిన ఆమె భక్తికి లోకనాథం మనసులోనే నమస్కరించాడు.

“ఎవులు పిలిచినారు బావూ నిన్ను?” అని అడిగింది సింహాలమ్మ.

మంట కనిపిస్తే పిలుపు అక్కర్లేదని ఆయన వినయంగా చెప్పాడు.

“మంట నాది. ఆర్పమని నానేటైనా అడిగినానా? సగంలో ఆర్పీసినావు. ఇప్పుడు నానెటూ కాకుండా పోనాను. నా మంట నాకిచ్చీ.”

ఆ కోరిక ఎలా తీర్చాలో లోకనాథానికి తెలియలేదు. తిరుగుదారిలో బండి నడిపే గవరయ్య, దగ్గరి చుట్టం పోయిన కబురు చెప్పేటంత మెల్లగా, జరిగింది విప్పి చెప్పాడు.

లోకనాథం వేదాంత గ్రంథాలు చదివే మనిషి. రేపటికి అబద్ధమయ్యే సంగతులు రాస్తాయని వార్తాపత్రికలు చదవడు. అందుచేత ‘దగ్ధగృహ నవోదయ పథకం’ సంగతి ఆయన చెవిన పడలేదు.

గోనెమిల్లు మూతపడి చాలా కాలమైంది. ఆ తరవాత ఊరు ఏటా కొంత తరిగిపోతూ వచ్చింది. ముందు బట్టల దుకాణాలు పోయాయి, తరవాత సినిమా హాలు, ఆ తరవాత పెళ్లిసంబంధాలు. చెదలు పట్టిన తాటాకు ఇళ్లలో మిగిలిన కార్మికులు తమకు పక్కా ఇళ్లు కావాలని అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నారు. చివరకు సంక్షేమ ప్రత్యేకాధికారి పురుషోత్తం గారు వచ్చి, వారి బాధ ప్రభుత్వం దృష్టిలో బాధ కాదని ఎంతో సానుభూతితో వివరించారు.

“విపత్తు అనగా హఠాత్తుగా సంభవించవలెను,” అన్నారాయన. “మీకు జరిగిన నష్టము క్రమక్రమముగా జరిగినది. క్రమక్రమముగా జరిగిన నష్టమును ఏ పద్దు కింద చూపవలెనో నిబంధనావళి చెప్పుట లేదు. అదే అగ్నిప్రమాదమైనచో, ఊరవతల నిర్మించిన నవోదయ నగరులో తక్షణమే పక్కా గృహము మంజూరగును.”

జనం ఆలోచించారు. ఆ నెలలోనే ఊళ్లో హఠాత్తులు మొదలయ్యాయి.

పథకానికి షరతులు రెండు. ఇల్లు సంపూర్ణంగా దగ్ధమై ఉండాలి. సగం కాలినవారు బాధితుల కిందికి రారు. ఒక ఇంటికి ఒకే మంట. ఒకసారి అంటుకుని ఆరిన ఇల్లు మళ్లీ అంటుకుంటే అది లెక్కలోకి రాదు. సింహాలమ్మ ఒక్క మంటా సగంలో ఆరిపోయింది. ఇక జన్మలో ఆమెకు పక్కా ఇల్లు లేదు. ఉన్న ఇల్లు ఉండడానికి పనికిరాదు.

అంతా విన్న లోకనాథం వెనక్కి తిరిగి గొట్టంకేసి చూశాడు. ఇన్నేళ్లూ నిప్పును ఆర్పడం స్వతస్సిద్ధంగా మంచి పని అనే నమ్మకం మీద ఆయన జీతం తీసుకున్నాడు. ఎవరి కోసం ఆర్పుతున్నాననే ప్రశ్న ఆయనకు ఎన్నడూ రాలేదు, సబ్బుకు మురికి గురించి అనుమానం రానట్టు.

మర్నాడు పొద్దున్నే సింహాలమ్మ మంచం, కోళ్ల గంప, గడప తీసుకుని అగ్నిమాపక కేంద్రానికి వచ్చింది. వసారాలో మంచం వాల్చి, గడపను గోడకు చేర్చి, ఆకులూ వక్కా తీసి నములుతూ కూర్చుంది.

“నా ఇల్లు నువ్వు చెడగొట్టినావు. నీ ఇంట్లో ఉంటాను,” అంది.

అందులో తర్కదోషం ఏదీ లోకనాథానికి కనబడలేదు.

అధికారులకు ఆయన మీద కోపం వచ్చింది. లబ్ధిదారు అర్హతకు భంగం కలిగించినందుకు సంజాయిషీ కోరారు. విధి నిర్వహణలో అతివేగం ప్రదర్శించారని అందులో ఉంది. అటుపైన పురుషోత్తం గారు స్వయంగా వచ్చి కొత్త విధానం బోధించారు. ప్రమాదం జరగడానికి వారం ముందుగా లబ్ధిదారు కార్యాలయానికి తెలియజేయాలి. ముందుగా తెలియజేయని ప్రమాదాలను ఆకస్మిక ప్రమాదాలుగా పరిగణించరు. అగ్నిమాపక సిబ్బంది స్థలానికి హాజరై, దహనం సంపూర్ణమయ్యేదాకా పర్యవేక్షించాలి. ఎవరైనా ఆర్పాలనుకుంటే ముందు ఇంటివారిని మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ ఔనంటేనే గొట్టం విప్పాలి.

“మూడుసార్లు అడిగేలోగా ఇల్లు కాలిపోతుంది కదండీ,” అన్నాడు లోకనాథం.

“ఆ విషయము విధానకర్తల దృష్టిలో ఉన్నది,” అన్నారు పురుషోత్తం గారు, మెచ్చుకోలుగా.

అలా గోగుపాలెంలో ప్రమాదాలకు ఒక పద్ధతి వచ్చింది. సోమవారం చేనేత వీధి, మంగళవారం సెలవు, బుధవారం బండ్లవారి వీధి. మంగళవారం నిప్పు మంచిది కాదని ఎవరూ ముహూర్తం పెట్టుకోలేదు. చుట్టాలు ముందురోజే దిగేవారు. సామాను బయట పెట్టేవారు. చివరగా ఇంటి పెద్దావిడ గడపకు దణ్ణం పెట్టుకుని, పలుగుతో దాన్ని పెకలించి బయటికి తెచ్చేది. గడప బయటికి వస్తేనే నిప్పు. కప్పు కాలినా, గోడ కాలినా ఎవరికీ పట్టింపు లేదు. గడప లక్ష్మి. లక్ష్మిని కాల్చుకుని ఏ మేడ ఎక్కినా కలిసిరాదని ఆ ఊరి ఆడవాళ్లు ఎవరికి వారే నిశ్చయించుకున్నారు. లోకనాథం గొట్టం చంకన పెట్టుకుని నిలబడి చూసేవాడు. వంట బాగా కుదిరిందా అని వడ్డించేవాడిని అడిగినట్టు, బాగా కాలిందా బావూ అని ఇంటివాళ్లు ఆయన్ని అడిగేవారు.

అయితే నవోదయ నగరుకు వెళ్లినవారికి అక్కడ ఒక చిక్కు ఎదురైంది. నాలుగంతస్తుల ఆ మేడల్లో తలుపులకు ఇనప చట్రాలు తప్ప గడపలు లేవు. గడప తట్టుకుని పడే ప్రమాదాల నివారణార్థం వాటిని తొలగించామని అధికారులు చెప్పారు. తెచ్చుకున్న గడపలు ఆ చట్రాల్లో ఇమడవు. పొయ్యిలో పెట్టలేరు, పారెయ్యలేరు. ఎక్కడ దాచాలా అని వెతికి, నిప్పు రాని చోటు ఊరు మొత్తం మీద అగ్నిమాపక కేంద్రమొక్కటే అని తేల్చుకున్నారు. ఒకరి తరవాత ఒకరు తెచ్చి కేంద్రం వెనుక గదిలో పెట్టి పోయారు. ఏ గడప ఎవరిదో సింహాలమ్మకు తెలుసు. శుక్రవారం శుక్రవారం ఆవిడే అన్నిటికీ పసుపు రాసేది.

మేడల్లో రెండో చిక్కు, నీళ్లు పైకి ఎక్కవు. ఆర్పే పని లేని అగ్నిమాపక బండి రోజూ నీళ్లు నింపుకుని అక్కడికి వెళ్లేది. గవరయ్య గంట కొట్టగానే బిందెలు దిగేవి. బిందె నిండేలోపు ఆడవాళ్లు తమ గడపల క్షేమం అడిగేవారు. కొత్త ఇల్లు ఎలా ఉందని లోకనాథం ఒకసారి అడిగితే, పాత వీధిలో సింహాలమ్మ పక్కింటి కొండమ్మ బిందె కింద పెట్టింది.

“బాగానే ఉంది బావూ. కానీ వచ్చినోలు ఎక్కడాగి పిలవాలో తెలీదు. చెప్పులెక్కడిడవాలో తెలీదు. నాను ఇంట్లోకి ఎప్పుడొచ్చినానో నాకే తెలీదు.”

లోపల, వెలుపల అనేవి మనసు కల్పించిన భేదాలని లోకనాథం ఎన్నో పుస్తకాల్లో చదివాడు. కొండమ్మ ముఖం చూశాక ఆ పుస్తకాలు రాసినవారి ఇళ్లకు గడపలు ఉండే ఉంటాయని అనిపించింది.

ఈలోగా, ఇన్ని ప్రమాదాలు జరిగిన ఊరిని అధ్యయనం చేయడానికి రాజధాని నుంచి నిపుణుల సంఘం వచ్చింది. బూడిద కుప్పలు చూశారు. కొలతలు తీసుకున్నారు. ఒక్క ఇంట్లోనూ ఒక్క దూలం మిగల్లేదు. తరవాత అగ్నిమాపక కేంద్రం వెనుక గది తలుపు తీసి నిర్ఘాంతపోయారు. కాలిన ఇళ్ల గడపలన్నీ చెక్కుచెదరకుండా, పచ్చగా, కళకళలాడుతూ ఉన్నాయి.

“ఇవి కాలిన ఇళ్లవేనా?” అని అడిగాడు సంఘాధ్యక్షుడు.

“కాలిన ఇళ్లవే,” అన్నాడు లోకనాథం. ముందే ఊడదీస్తారని చెప్పబోయాడు. పురుషోత్తం గారు చేత్తో వారించారు. ముందే ఊడదీశారంటే ప్రమాదం ముందే తెలిసినట్టవుతుంది. ముందే తెలిసినదాన్ని ప్రమాదమని ధ్రువీకరించిన సంతకాలన్నీ ఆయనవే.

నిపుణులు ఒక పూటంతా చర్చించారు. దూలమూ కర్రే, గడపా కర్రే. దూలం కాలింది, గడప కాలలేదు. రెంటికీ తేడా ఒక్కటే: పసుపు. హరిద్రా లేపనానికి అగ్నినిరోధక శక్తి ఉందని వారు నిర్ధారించారు. పూర్వులకు ఇది ఎప్పుడో తెలుసునని, మనమే మరిచిపోయామని అధ్యక్షుడు గద్గద స్వరంతో ప్రకటించాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. ప్రభుత్వ భవనాలన్నిటికీ పసుపు పూశారు. అగ్నిమాపక బండి ఎర్రరంగు మీద పసుపు పట్టించి, గంటకు బొట్టు పెట్టారు. గవరయ్యకు పసుపు పడ్డ బండి అద్దం తుడుచుకోవడమే ఒక ఉద్యోగమైంది. ఉత్తర్వులోని చివరి పేరా మాత్రం లోకనాథం నిలబడి చదవలేకపోయాడు. తక్కువ వ్యయంతో అగ్నినిరోధం సాధ్యమైనందున గోగుపాలెం అగ్నిమాపక కేంద్రాన్ని ఈ నెలాఖరుకు మూసివేయాలి. సిబ్బంది వేరేచోట్లకు వెళ్లాలి. ఆవరణలోని అనధికార వ్యక్తులను ఖాళీ చేయించాలి.

అనధికార వ్యక్తి అప్పుడు వసారాలో కోళ్లకు నూకలు చల్లుతోంది.

“నానెక్కడికెల్లాలి?” అంది విన్నాక. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నప్పుడే ఆయనకు నయంగా ఉండేది.

ఆ రాత్రి ఆయన పుస్తకం తెరిచాడు కానీ పుట తిప్పలేదు. తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. పథకం ప్రకారం, కాలిన కట్టడంలో నివసిస్తున్న వ్యక్తి బాధితుడు. సింహాలమ్మ నివసిస్తున్నది అగ్నిమాపక కేంద్రంలో. ఇంటికొకటే మంట, ఈ కేంద్రం తన వంతు మంట ఇంకా వాడుకోలేదు. ఒకావిడ మంటను ఆర్పినవాడు ఒక మంట బాకీ ఉన్నట్టే.

నిబంధన ప్రకారం ఆయన వారం ముందే తెలియజేశాడు. వచ్చే గురువారం అగ్నిమాపక కేంద్రానికి అగ్నిప్రమాదం జరుగును. పురుషోత్తం గారు ఆశ్చర్యపోలేదు. మూసివేసే భవనానికి కూల్చివేత ఖర్చు తప్పుతుందని అభినందించి, స్వయంగా హాజరవుతానన్నారు.

ఇక మిగిలింది వెనుక గది. నీళ్లబండి మీద నుంచే లోకనాథం చాటింపు వేశాడు: గురువారం మా కేంద్రం కాలిపోతుంది, ఎవరి గడపలు వారు తీసుకుపోండి. ఎందుకని ఎవరూ అడగలేదు. గోగుపాలెంలో అది అడిగే ప్రశ్న కాదు.

గురువారం పొద్దున జనం నవోదయ నగరు నుంచి నడిచి వచ్చారు. సింహాలమ్మ గది ముందు నిలబడి, పేర్లు పిలిచి ఎవరి గడప వారికి అప్పజెప్పింది. గడపను మోసుకుని బయటికొచ్చిన ప్రతి మనిషీ అక్కడే ఆగిపోయాడు. మేడలోకి పట్టుకెళ్లడానికి లేదు. నేల మీద ఎక్కడపడితే అక్కడ పడెయ్యడానికి లేదు. కాసేపు నిలబడి, భుజం నొప్పెట్టి, ఒక్కొక్కరే ఎవరి వీధికి వారు నడిచి, తమ ఇల్లు ఉండిన చోట, బూడిదలో, తలుపు ఉండిన జాగాలో గడపను దించారు. ఇప్పటికి ఇక్కడ ఉండనీ అని అనుకున్నారు.

కేంద్రం పక్కనే ఉన్న గోనెమిల్లు వెనుక వీధిలో, గడప దించాక కొండమ్మ అవతల నిలబడలేకపోయింది. దాటి లోపలికి వెళ్లింది. లోపల అంటే బూడిదే, పైన ఆకాశం. అయినా ఆమె బూడిదను ఊడ్చింది. ఎదురింటివాళ్లు చెప్పులు గడప అవతల విడిచి, “ఒదినా, ఉన్నావేటి?” అని పిలిచి వచ్చారు. మర్నాడు శుక్రవారం. పసుపు రాయకుండా ఎలా వెళ్తారని ఒకరన్నారు. బండిలో నీళ్లున్నాయి కదా, ఇక్కడైతే మోసుకెళ్లే పనీ లేదు అని మరొకరన్నారు. మధ్యాహ్నానికి పొయ్యిలు వెలిగాయి. మగవాళ్లు ఊరికే ఉండలేక ఎండు తాటాకులు మోసుకొచ్చారు. ఆ వీధిలో గోడలున్న ఇల్లు ఒక్కటే, సింహాలమ్మది. సగం కాలి, సగం మిగిలి. ఎండకు పిల్లలందరినీ అందులోనే కూర్చోబెట్టారు. కూర్చోబెట్టాక కప్పు వేయక తప్పలేదు. పొద్దు వాలకముందే పదిమందీ కలిసి దానికి కొత్త తాటాకు కప్పేశారు. సింహాలమ్మ తన గడపను తానే మోసుకుపోయి, దాని చోట అది పెట్టుకుంది.

సాయంత్రం సంపూర్ణ దహనం చూడడానికి పురుషోత్తం గారు వచ్చేసరికి, లోకనాథం కిరసనాయిలు డబ్బా పట్టుకుని కేంద్రం ముందు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆ డబ్బా చూసి కొండమ్మ నడుముకు చెంగు బిగించి వచ్చింది.

“బుద్దుందేటి బావూ నీకు? పిల్లా పాపా ఉన్న వీధి. పక్కన నిప్పెట్టుకుంటావా?” అంది, ఆ వీధిని పూర్తిగా తగలబెట్టినవారి తరఫున.

వెనుక నిలబడ్డవారు అదేమాట అన్నారు. ప్రభుత్వోద్యోగి అయివుండి, అందులోనూ మంటలాఫీసులో పనిచేస్తూ, ఇదేం పని అని ముసలివాళ్లు చీవాట్లు పెట్టారు. లోకనాథం డబ్బా కింద పెట్టాడు. ఆయనకు సిగ్గుతో పాటు, ఎందుకో తెలియని ఒక సుఖం కూడా కలిగింది.

పురుషోత్తం గారికి మాత్రం పరిస్థితి మింగుడుపడలేదు. వీరందరూ నవోదయ నగరులో నివసిస్తున్నట్టు రికార్డు ఉంది. కనుక వీరు ఇక్కడ లేరు. లేనివారి పొయ్యిల్లోంచి పొగ రావడమెలా అని ఆయన తర్కిస్తూ ఉండగానే, ఆ పొగలోంచి ఒక రవ్వ లేచి, గాలికి ఊగి, సింహాలమ్మ కొత్త కప్పు మీద వాలింది. ఎండు తాటాకు భగ్గుమంది.

పిల్లలు బయటికి పరిగెత్తుకొచ్చారు. లోకనాథం గొట్టం లాగి పరిగెత్తాడు. ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయాడు. ఈ వీధిలో ఇదే ఇంటి ముందు, ఇదే గొట్టంతో చేసిన తప్పు గుర్తొచ్చింది.

పురుషోత్తం గారి కళ్లు మెరిశాయి. ఆయన కఠినుడు కాడు; దయ చూపే నిబంధన దొరికితే దయ చూపేవాడు.

“అమ్మా, నీ అదృష్టము పండినది,” అన్నారు. “పైకప్పు నూతనము. నూతన పైకప్పు గల గృహము నూతన గృహమే. నూతన గృహమునకు నూతన మంట వర్తించును. అడ్డుపడకుండినచో పావుగంటలో సంపూర్ణ దగ్ధము. రెండవ అంతస్తులో తూర్పు ముఖము ఇల్లు నేనే మంజూరు చేసెదను.”

సింహాలమ్మ మంటను చూసింది. పురుషోత్తం గారిని చూసింది. వీధి మొత్తం ఆమె చేతులకేసి చూస్తోంది. గోగుపాలెంలో కాల్చదలచినవారు ముందు గడపను పెకలిస్తారు. పలుగు పక్కనే, గోడకు ఆనించి ఉంది.

లోకనాథం గొట్టం మూతి బిగించి పట్టుకున్నాడు. అయినా ఉత్తర్వు ఉత్తర్వే.

“సింహాలమ్మా, ఆర్పమంటావా?”

ఆమె పలుగు తీసింది. దాన్ని తీసుకెళ్లి పురుషోత్తం గారి చేతిలో పెట్టింది, బరువు మోయలేక ఒకరికి అందించినట్టు.

“ముందు నీళ్లు కొట్టు బావూ,” అంది. “మిగతా రెండుసార్లూ తరవాత అడుగుదువు.”

ఆయన నీళ్లు కొట్టాడు. పసుపు బండి మీద నుంచి నీళ్లు పచ్చగా కారుతున్నాయి. జనం బిందెలతో వచ్చి కలిశారు. రోజంతటికీ సరిపడా పట్టుకున్న నీళ్లు ఒక్క పూటలో కప్పు మీద పోశారు. మంట చచ్చింది. కప్పులో మూడోవంతు పోయింది, గడప అలాగే ఉంది.

లోకనాథం తడిసిన బట్టలతో వచ్చి, గడపకు ఇవతల ఆగి, చెప్పులు విడిచాడు.

“ఆర్పమంటావా?” అని రెండోసారి అడిగాడు. “ఆర్పమంటావా?” అని మూడోసారి అడిగాడు.

లోపల నుంచి సింహాలమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది.